నౌకాయాన యోగ్యమైన ఇసుక

నీళ్లు లేని ఏటిలో పడవ నడపాలని మొదట ఎవరికి తోచింది?

ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు. నదీ సంస్కృతి ప్రాధికార సంస్థను అడిగితే, అది మార్గదర్శక సంఘం నిర్ణయమన్నారు. మార్గదర్శక సంఘాన్ని అడిగితే, తాము యాత్రను మాత్రమే సిఫారసు చేశామనీ, పడవ అన్న మాట సంస్థవారు చేర్చుకున్నదనీ సెలవిచ్చారు. పటాలు గీసే శాఖను అడిగితే, తమ పటంలో కుందనేరు నీలిరంగులో ఉన్నదనీ, నీలిరంగు మీద ఏమి నడపాలో తేల్చడం తమ పని కాదనీ అన్నారు. చేసినవారు దొరకని తప్పును మన కార్యాలయాలు విధానం అంటాయి.

కుందనేరు వానల కాలంలో కొద్దిరోజులు ఒళ్లు తెలియకుండా పారుతుంది. మిగిలిన ఏడాదంతా అది ఇసుక. ఆకాశం నుంచి దాని ఫొటో తీసినవారు, ఏ ముహూర్తబలమో గాని, వరద వచ్చిన రోజున తీశారు. ఆనాడు నిజంగానే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీరే. వరద మర్నాటికి దిగిపోయింది. పటం దిగిపోలేదు.

ఆ ఏటి ఒడ్డునే ఊటపాళెం ఉంది. దాని సర్పంచ్ పెంచలమ్మ. మహిళలకు కేటాయించారు కాబట్టి అయిందని ఊళ్లో కొందరంటారు, నోరున్నది కాబట్టి అయిందని కొందరంటారు. రెండు మాటలూ నిజమే. ఎండలు ముదిరితే ఊటపాళెం తాగేది చెలమ నీళ్లు. ఏటి నడుమ ఒకేఒక చోట, ఇసుకలో నిలువెత్తు దిగితే, తియ్యటి ఊట పడుతుంది. అంచులు జారిపోకుండా ఈతమట్టలతో దడి అల్లి లోపలికి దించుతారు. ఇంటికొక మనిషి తెల్లవారగానే వెళ్లి, రాత్రి జారిన ఇసుకను తోడి పోస్తారు. ఆ పనికి ఎవరూ ఎగనామం పెట్టరు, పెట్టినవాళ్ల ఇంటికి ఆ పూట బిందె వెళ్లదు. ఏటిలో మరెక్కడ తవ్వినా పడేది ఉప్పునీరు, లేదా బండ. చెలమ ఊట చాలనప్పుడు మండలం నుంచి ట్యాంకరు వచ్చేది. ఊరి ప్రాణం ఈ రెంటి మీద నిలబడి ఉండగా, ప్రత్యేకాధికారి శేషఫణిగారు జీపు దిగారు.

ఆయన మనిషి సన్నగా, మాట లావుగా ఉంటారు.

"సర్పంచ్ గారూ, మీ గ్రామం అదృష్టం చేసుకున్నది," అన్నారు. "నదీమాతృక జలయాత్ర మీ రేవును స్పృశించనున్నది. మా ప్రాధికార సంస్థ అధ్యక్షులవారు స్వయంగా నావలో వేంచేస్తారు. నదీతీర ప్రజల జీవన విధానాన్ని నది మీద నుంచే తిలకిస్తారు."

పెంచలమ్మ ఇసుక వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"రేవు యాడుండాది సారూ?"

"ఎక్కడున్నదన్నది అప్రస్తుతం. పటంలో గుర్తించబడినది."

"నీళ్లు లేవు గదా. పడవ ఎట్ట వొస్తాది?"

"అమ్మా, నీటి లభ్యత జలవనరుల శాఖ పరిధిలోని అంశం. యాత్ర మా పరిధిలోని అంశం. ఒక శాఖ వైఫల్యం మరొక శాఖ కార్యక్రమానికి అవరోధం కారాదని స్పష్టమైన ఆదేశాలున్నాయి. నావను చక్రాల బండి మీద అమర్చి, ట్రాక్టరుతో లాగిస్తాం. చక్రాలు కనిపించకుండా చుట్టూ నీలివస్త్రం ఉంటుంది. మీ మహిళలు ఆ వస్త్రాన్ని రెండు కొసలా పట్టుకుని మృదువుగా కదిలించవలసి ఉంటుంది. తరంగాల నిమిత్తం."

స్వాగతం గురించి కూడా ఆయన విపులంగా సెలవిచ్చారు. ప్రజలు ఎవరూ చెప్పకుండా, తమంతట తాముగా, ఉప్పొంగే హృదయాలతో, సూచించిన వరుసలో నిలబడవలెను. ఈ అప్రయత్న స్వాగతానికి ముందురోజు సాయంత్రం పూర్తిస్థాయి అభ్యాసం జరుగును. హాజరు తప్పనిసరి.

అంతవరకు పెంచలమ్మకు నవ్వే వచ్చింది. పెద్దవాళ్ల ముచ్చట, చీర కొస ఊపమంటే ఊపుతాం, పోయేదేముంది అనుకుంది. నౌకామార్గం గుర్తు పెట్టడానికి మనుషులు ఇసుకలో ఎర్రజెండాలు పాతుకుంటూ పోయి, ఒక జెండాను తెచ్చి చెలమ అంచున గుచ్చినప్పుడు ఆ నవ్వు ఆగింది.

"ఈ గుంత ఏమిటి?" అన్నారు శేషఫణిగారు.

"గుంత కాదు సారూ. చెలమ. మేం తాగే నీళ్లు."

"నౌకామార్గంలో గుంత ఉండరాదు. నావ భద్రతకు ముప్పు. పూడ్చవలసి ఉంటుంది."

"పూడిస్తే మేం ఏం తాగాల? ట్యాంకరు నీళ్లు సగం ఊరికే చాలవే!"

"ఆ సమస్య ఉత్పన్నం కాదు. నౌకాయానానికి యోగ్యమని ప్రకటించిన నది ఒడ్డున ఉన్న గ్రామాన్ని నీటి ఎద్దడి గ్రామాల్లో ఉంచడం పరస్పర విరుద్ధం కదా. కనుక మీ ట్యాంకరును నిన్ననే క్రమబద్ధీకరించాం."

"క్రమబద్ధీకరించడం అంటే?"

"తొలగించాం."

పెంచలమ్మ గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం ఊరివాళ్లు అరుదుగా విన్నారు. "సారూ, మీ దావ ఒకింత పక్కకి జరపండి. అంతా ఇసకే గదా. ఎడంపక్క పొయ్యినా ఇసకే, కుడిపక్క పొయ్యినా ఇసకే."

శేషఫణిగారు పటం తెరిచి, ముదురు నీలం ఉన్నచోట వేలు పెట్టి చూపించారు. ఆ వేలిలో బాధ్యత తొణికిసలాడింది. "జరపవచ్చు. కానీ నదిలో లోతైన భాగం ఇదే. లోతు లేనిచోట నావను నడిపి, పెద్దల ప్రాణాలతో చెలగాటమాడమంటారా?"

ఆ మధ్యాహ్నమే పొక్లెయిను వచ్చింది. దానిని నడిపే మనిషి కిందికి దిగి, చెలమకు దండం పెట్టి, మళ్లీ ఎక్కి, పూడ్చేశాడు. ఈతమట్టల దడి ఇసుక కింద విరుగుతున్న చప్పుడు ఒడ్డున నిలబడిన ఆడవాళ్లందరికీ వినిపించింది.

ఇక నీళ్లు కావాలంటే ఏరు దాటి అవతలి ఊరి బోరు దగ్గరికి పోవాలి. చౌకధరల దుకాణమూ, ఆసుపత్రీ అవతలే కాబట్టి ఊటపాళెం కాళ్లకు ఆ దారి కొత్త కాదు. అయితే నదిని నౌకాయాన యోగ్యమని ప్రకటించిన తరువాత అందులో నడవడం నేరం కాకుండా ఎలా ఉంటుంది? నిండు నదిలోకి మనుషులు నడిచి దిగుతుంటే చూస్తూ ఊరుకునే ప్రభుత్వం ఎక్కడైనా ఉందా? మర్నాడు తెల్లవారేసరికి ఒడ్డున హోంగార్డు కరీముల్లా నిలబడి ఉన్నాడు. పక్కన నారింజరంగు ప్రాణరక్షక చొక్కాల మూట ఒకటి.

మొదట వచ్చింది రవణమ్మవ్వ. చంకన బిందె, నోట్లో వక్క.

"అవ్వా, ఆగు. లోతుండాది," అన్నాడు కరీముల్లా, ఆమె కళ్లలోకి చూడకుండా.

"యాడరా లోతు? మీ అమ్మ పెండ్లి కాకముందు నించీ నడస్తా ఉండా ఈ ఇసకలో!"

"నాకు తెలవదా అవ్వా? పైనుంచి ఆర్డరు. పడవలో పోవాల. పడవ ఇంకా రాలా. లేకపోతే ఈత వొచ్చునని డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు తీసుకొనిరా, ఈ చొక్కా ఇస్తా."

"డాక్టరు యాడుండాడు?"

"అవతలి ఒడ్డున."

రవణమ్మవ్వ వక్క ఉమ్మేసింది. "సరే. నువ్వు అవతలి ఊరోడివే గదా. డూటీకి ఎట్ట వొచ్చినావు?"

కరీముల్లా కాసేపు జెండాల వైపు చూశాడు. "ఈదుకుంటా వొచ్చినానని రాసినా," అన్నాడు.

"తడవకుండానా?"

"తుడుచుకున్నా అవ్వా."

చివరికి రోడ్డు వంతెన మీదుగా చుట్టూ తిరిగి, ఎండలో ఊరు ఊరంతా బిందెలు మోసింది. నడుము నొప్పి ఉన్నవాళ్లు ఒక బిందెతో సరిపెట్టుకున్నారు, ఒంటరి ముసలివాళ్లు ఒక చెంబుతో సరిపెట్టుకున్నారు. ఆ చెంబు కూడా తెచ్చిపెట్టే దిక్కులేని వాకిళ్ల ముందు పెంచలమ్మ తన బిందె వంచింది. అలా వంచుతూ పోతే ఆమె ఇంటికి చేరేసరికి బిందె అడుగున మిగిలేది పుక్కిలించడానికి సరిపోదు.

మండల కార్యాలయానికి వెళ్లి అడిగింది. అక్కడివారు ఎంతో మర్యాదగా, నది ఎండినదని ధ్రువీకరణ ఉంటే ట్యాంకరు విషయం తప్పక పరిశీలిస్తామన్నారు. ధ్రువీకరించేది ఎవరు? నదికి సంబంధించిన సమస్త విషయాల్లోనూ అధికారం ఇప్పుడు ప్రాధికార సంస్థ అధ్యక్షులవారిదే. ఆయన నోటి మాటైనా చాలా? చాలును, పదిమంది ఎదుట అన్నట్టయితే.

తిరుగు బస్సులో పెంచలమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. అధ్యక్షులవారికి ఈ ఏటి పొడవునా ఏ ఊరూ ఇవ్వనంతటి స్వాగతం ఇవ్వాలి. ఆయన మనసు కరగాలి. కరిగిన ఆ ఘడియలో ఆయన నోటి నుంచి ఒక్క మాట రావాలి: ఏరు ఎండింది. అంతే. ఆ మాట వస్తే ట్యాంకరు వస్తుంది, చెలమ తవ్వుకోవచ్చు, ముసలివాళ్లు బతుకుతారు. ఇంత చిన్న మాటకు పడవలూ తరంగాలూ ఎందుకని ఆమె తనను తాను అడగలేదు. అవసరంలో ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న అడిగే తీరిక ఉండదు.

యాత్ర రోజున ఊటపాళెం తనంతట తానుగా, సూచించిన వరుసలో నిలబడింది. మగవాళ్లు పలకలు కొట్టారు. ఆడవాళ్లు, శేషఫణిగారు నేర్పినట్టే, ఇసుకలో అడుగు వేసేటప్పుడు చీర కుచ్చెళ్లు మోకాలి దాకా ఎత్తి పట్టుకున్నారు, తడవకుండా. దూరాన వేపకొమ్మలు కప్పిన ట్రాక్టరు ఒకటి కనిపించింది. దాని వెనుక, చెక్కబండి మీద, బంతిపూల దండలు కట్టిన పడవ.

పడవలో అధ్యక్షులవారు ముందు కొమ్ము దగ్గర నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, తీరాన్ని వెతుకుతున్నారు. తీరం నలుపక్కలా ఉంది. ఆయన వెనుక జానపద విజ్ఞానంలో పట్టా పుచ్చుకున్న ఒక విదుషీమణి, పత్రికలవారు, అంతా నారింజరంగు చొక్కాల్లో. సముద్రపుటొడ్డు నుంచి కూలికి తెచ్చిన తెడ్డువాళ్లు ఒక్క లయలో గాలిని వెనక్కి తోస్తున్నారు. పడవకు రెండు పక్కలా, ఏ ఆపదకైనా సిద్ధంగా, లంగోటీలు కట్టిన గజఈతగాళ్లు ఇసుకలో పరుగెత్తుతున్నారు. అరికాళ్లు కాలుతున్నందువల్ల వాళ్ల పరుగులో నిజంగానే ఒక ఆత్రుత కనిపించింది.

పడవ పూడ్చిన చెలమ మీదికి వచ్చింది. కొత్తగా పోసిన ఇసుక ఎంత బరువు మోస్తుందో పటం చెప్పదు. బండి ముందుచక్రాలు మెల్లగా, గౌరవంగా లోపలికి దిగిపోయాయి. ట్రాక్టరు గుర్రుమంది, ఇంకొంచెం దిగింది, ఆగింది.

ట్రాక్టరు నడిపే మాలకొండయ్య దిగి చూశాడు. "దిగబడింది సార్. అందరూ ఒకసారి కిందికి దిగితే బరువు తగ్గి లేస్తాది."

"దిగడమా!" శేషఫణిగారి గొంతు పడవంత ఎత్తు లేచింది. "రేవు చేరకుండా యాత్రికులెవరూ నీటిలో దిగరాదు. భద్రతా నిబంధన. పైగా ఇది లోతైన భాగం."

"ఇసక సార్ ఇది."

"నువ్వు డ్రైవరువా, జలశాస్త్రవేత్తవా?"

అందువల్ల దిగలేదు. అధ్యక్షులవారు అక్కడి నుంచే ప్రసంగించారు. నాగరికతలన్నీ నదుల ఒడ్డునే పుట్టాయన్నారు. తాను ఇప్పుడు నీటి మీద నిలబడి మాట్లాడుతున్నానని గుర్తు చేశారు. ఆడవాళ్లు నీలివస్త్రం మృదువుగా కదిలించారు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. పడవలోని నీళ్లసీసాలు ప్రసంగం సగంలోనే ఖాళీ అయ్యాయి. తక్కినవి వెనుక కారులో ఉన్నాయి, కారు రోడ్డు మీద ఉంది, కార్లు నదిలోకి రాకూడదు. విదుషీమణి తన నోటుపుస్తకంతో విసురుకుంటున్నారు. అధ్యక్షులవారి నాలుక "నదీమాత" అన్న మాట దగ్గర అంగిటికి అంటుకుపోయింది.

"సర్పంచ్ గారూ," అన్నారు ఆయన, మైకు పక్కన పెట్టి, మామూలు మనిషి గొంతుతో. "కాస్త మంచినీళ్లు..."

పెంచలమ్మ ఈ ఘడియ కోసమే హారతిపళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్లెం రవణమ్మవ్వకిచ్చి, పడవ దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది.

"అయ్యా, ఊళ్లో చుక్క లేదయ్యా. నిన్న సాయంత్రం మా ఈదిలో ఒక ముసలాయన కళ్లు తిరిగి పడిపొయ్యినాడు. తాగే చెలమ మీ పడవ కింద ఉండాది, పూడ్చినారు. ట్యాంకరు నిలిపేసినారు. ఏరు ఎండిపొయ్యిందని మీ నోటితో ఒక్క మాట అనండయ్యా. ట్యాంకరు వొస్తాది. మీకూ నీళ్లు, మాకూ నీళ్లు."

పలకలు ఆగాయి. అధ్యక్షులవారు పెంచలమ్మను చూశారు. ఆ చూపు చెడ్డది కాదు. అందులో దాహం ఉంది, జాలి కూడా ఉంది. ఆయన పెదవులు విడివడ్డాయి. ఊరంతా ఆ పెదవుల వైపే చూసింది. ఆయన తన చొక్కాను చూసుకున్నారు, తెడ్లను చూశారు, పత్రికలవారిని చూశారు.

"అమ్మా," అన్నారు చివరికి, "ఏరు ఎండిందని నేను అంటే, నేను దేంట్లో వచ్చినట్టు?"

ఆయన నిజంగానే అడిగారు.

ఆపద్ధర్మం తెలిసిన శేషఫణిగారు ఈలోగా ఫోనులో పైవారితో మాట్లాడి, పడవ అంచు మీద చెయ్యి ఆనించి ప్రకటించారు. నది నిండుగానే ఉన్నది. అయితే నావ లోపలి భాగంలో మాత్రం, నావ పరిధికే పరిమితమైన తాత్కాలిక నీటి ఎద్దడి తలెత్తినట్టు గుర్తించడమైనది. నావలో ఉన్నవారి నిమిత్తం ట్యాంకరు బయలుదేరినది. ట్యాంకరు నదిలోకి రావలసి ఉన్నందున, దానిని ఈ ఒక్క సందర్భానికి జలవాహనంగా పరిగణించడమైనది.

ట్యాంకరు వచ్చింది. ఇసుకలో ఊగుతూ, నీళ్లు చిందిస్తూ, పడవ పక్కన ఆగింది. చిందిన చుక్కల వైపు ఊరు ఒక్క అడుగు ముందుకు వేసింది. శేషఫణిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "నావలో ఉన్నవారికి మాత్రమే."

పెంచలమ్మ కళ్లు తుడుచుకుంది. ఆమె గొంతు మళ్లీ తన గొంతయింది.

"అంటే పడవలో ఉన్నోళ్లకి నీళ్లు, కింద ఉన్నోళ్లకి లేదు. అంతే గదా సారూ?"

"అంతే."

"ఆర్డరు అట్టనే ఉండాదా?"

"అక్షరాలా."

పెంచలమ్మ వెనక్కి తిరిగింది. "మే రవణమ్మవ్వా! ఆ పళ్లెం ఈడ పారెయ్. బిందెలు తెచ్చుకోని ఎక్కండి అందరూ!"

చెప్పడానికి ఎంతసేపు పట్టిందో ఎక్కడానికి అంతసేపు పట్టలేదు. ఆడవాళ్లు పడవ అంచు పట్టుకుని పైకి పాకారు, మగవాళ్లు ముసలివాళ్లను ఎత్తి లోపలికి అందించారు. నీలివస్త్రం చిరిగి చక్రాలు బయటపడ్డాయి. తెడ్డువాళ్లు తెడ్లు కింద పెట్టి, బిందెలు అందుకుని ట్యాంకరు గొట్టానికి పట్టసాగారు. విదుషీమణి ఒడిలో ఒక ఇత్తడి బిందె వచ్చి కూర్చుంది. ఆమె మొహం వెలిగిపోయింది. "నావను ఇలా సామూహికంగా అధిరోహించడం మీ గ్రామంలో అనాదిగా వస్తున్న ఆచారమా?" అని అడిగారు.

"ఆచారమే తల్లీ," అంది రవణమ్మవ్వ, దోసిట్లోంచి తల ఎత్తకుండా. "దాహం అంటారు మా ఊళ్లో."

బరువుకు పడవ ఇంకో మూరెడు ఇసుకలోకి దిగింది. శేషఫణిగారు నావ మునుగుతున్నట్టు ప్రకటించారు. గజఈతగాళ్లకు వాళ్ల జీవితంలో మొదటిసారి పని పడింది. అధ్యక్షులవారిని ఒకరు భుజాన వేసుకుని, నియమావళిలో ఉన్నట్టుగా, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గాలిని ఈదుతూ ఒడ్డు చేర్చారు. అలాగే తక్కినవారినీ. ఎవరిదో ఒక చెప్పు జారి ఇసుకలో పడింది. అది ప్రవాహంలో కొట్టుకుపోయినట్టు నమోదైంది. ఒడ్డున అధ్యక్షులవారు పత్రికలవారితో, నదీమాత తనను ఒళ్లో పెట్టుకుని కాపాడిందన్నారు. ఊటపాళెం ప్రజలకు నావ మీద ఉన్న మమకారాన్ని తాను ఎన్నడూ మరువలేనన్నారు.

యాత్రికులు దిగిపోయారు కాబట్టి నావలో నీటి ఎద్దడి ముగిసినట్టయింది. ట్యాంకరు సగం నీళ్లతో వెనుదిరిగింది. రెండు పూటలు గడిచాయి. మళ్లీ బిందెలు బోర్లపడ్డాయి.

పడవ మాత్రం ఎక్కడిది అక్కడే ఉండిపోయింది. దానిని లేపడానికి క్రేను కావాలి, క్రేను నదిలోకి రావాలంటే తేలగలదని ధ్రువీకరించాలి, ఆ దస్త్రం తిరుగుతూ ఉంది. ఒక సాయంత్రం పెంచలమ్మ చేతపారతో వచ్చి, ఒరిగిన పడవ నీడలో కూర్చుని, బండి కిందికి దూరి, ఇసుక తోడడం మొదలుపెట్టింది.

కరీముల్లా పరుగెత్తుకొచ్చాడు. "పెంచలక్కా, వొద్దు. నౌకామార్గంలో గుంత తియ్యకూడదని రూలు."

"మార్గం పడవకి ముందర గదరా. నేను పడవ కింద తవ్వతా ఉండా. పడవ కింద ఏం ఉండాలని రాసుండాది?"

కరీముల్లా ఆలోచించాడు. "నీళ్లు."

"ఉండాయా?"

"లేవు."

"మరి రూలు తప్పింది ఎవురు? నేనా, ఈ ఏరా?"

కరీముల్లా టోపీ తీసి పడవ కొమ్ముకు తగిలించి, రెండో పార కోసం ఊళ్లోకి వెళ్లాడు. మర్నాటికి ఇంటికొక మనిషి వచ్చారు. విరిగిన దడి తీసేసి కొత్తది అల్లారు. నిలువెత్తు దిగాక ఇసుక చల్లబడింది, తరువాత నల్లబడింది, తరువాత మెరిసింది. చీకటి పడే వేళకు బండి చక్రాల నడుమ ఊట పడింది. రవణమ్మవ్వ మొదటి దోసెడు తాగి, రెండో దోసెడు కళ్లకు అద్దుకుంది.

ఊరు వారం పాటు తాగింది. ఆ తరువాత క్రేను విషయమై పరిశీలనకు శేషఫణిగారు వచ్చారు. వంగి పడవ కిందికి చూశారు. అక్కడ నీళ్లు. ఆయన మొహంలో, ఉద్యోగంలో చేరిననాటి నుంచీ ఎవరూ చూడని ఆనందం కనిపించింది. తన పటం నిజమైంది! ఫొటోలు తీయించారు. నీటి మీద నావ. ఆ ఫొటో పెద్దల బల్లల మీదికి వెళ్లింది. కుందనేరు నౌకాయాన యోగ్యం కాదన్న దుష్ప్రచారానికి ఇదే సమాధానమని అధ్యక్షులవారు ప్రకటించారు. వచ్చే ఏడాది జలయాత్రలో మరిన్ని నావలు ఉంటాయన్నారు. పడవ ఉన్నచోటును "రక్షిత నౌకాజలం" అంటూ బోర్డు నాటి, చుట్టూ ముళ్లకంచె వేసి, ఒక చిన్న గేటు పెట్టారు. ఆ నీటిని తోడడం నిషేధం. తోడితే నీటిమట్టం తగ్గుతుంది, తగ్గితే నావకు ప్రమాదం.

"తాగేదానికి సారూ," అంది పెంచలమ్మ. "మేం తవ్వుకున్న నీళ్లు."

"మీరు తాగితే నావ తేలేది ఎలాగమ్మా?"

"ఇప్పుడు తేలతా ఉండాదా?"

"పటంలో తేలుతున్నది."

కంచె గేటు ముందు మళ్లీ కరీముల్లానే నిలబెట్టారు. నిషేధం మీరినవారి మీద కేసు పెడతామనీ, కేసు ఉన్నవారి ఇంటికి పింఛనూ బియ్యమూ ఆగిపోతాయనీ దండోరా వేయించారు. మర్నాడు పొద్దున ఊటపాళెం ఆడవాళ్లంతా బిందెలతో ఒడ్డున నిలబడ్డారు. ఎవరూ దిగలేదు. పింఛను మీద బతికేవాళ్లు రేకు బిందెలను గుండెకు హత్తుకుని, తమ నీళ్లను దూరం నుంచి చూశారు.

పెంచలమ్మ దిగింది. గేటు తీసింది.

"అక్కా, రాయాల్సి వొస్తాది," అన్నాడు కరీముల్లా.

"రాయి. పేరు పూర్తిగా రాయి. ఊరి సర్పంచ్ అని రాయి. దాహమై ముంచిందని గూడా రాయి, ఆ మాట మటుకు కొట్టెయ్యొద్దు."

బిందె ముంచింది. అది గుడగుడమని నిండిన చప్పుడు ఒడ్డు దాకా వినిపించింది. భుజానికెత్తుకుని, ఒడ్డెక్కి, నీళ్లు లేని వాకిళ్ల ముందు ఒక్కొక్క చెంబు వంచుకుంటూ వెళ్లిపోయింది. నౌకాయానానికి విఘాతం కలిగించే దురుద్దేశంతో నది నీటిమట్టాన్ని తగ్గించినందుకు ఆమె మీద కేసు నమోదైంది. ఒకటో ముద్దాయి, పెంచలమ్మ. ఒక్క మనిషి మీద కేసు నడపడం తేలిక, శిక్ష వేయడం ఇంకా తేలిక. ఊరంతటి మీద, ఊరి బయటివారి మీద నడపడం అంత తేలిక కాదని శేషఫణిగారికి తెలుసు. అందుకే పింఛను మాట చాటించారు. ఒడ్డున నిలబడినవాళ్లకు పోగొట్టుకోవడానికి ఆ బియ్యం ఉంది. అది పోతే పొయ్యి వెలగదు.

మీకు ఆ భయం లేదు. మీ ఇంటికి కుళాయి ఉంది, మీ బియ్యం అంగట్లో కొనుక్కున్నవి, మీకు చదవడం వచ్చు, అవసరమైతే కోర్టులో నిలబడి నాలుగు మాటలు మాట్లాడడం వచ్చు. రెండో ముద్దాయి పేరు దగ్గర ఇంకా ఖాళీగానే ఉంది. బిందె తీసుకుని ఊటపాళెం రండి. ఏటిలోకి నడిచి దిగండి. ఎవరైనా ఆపి లోతుందని చెబితే, ఎండిందని పదిమంది వినేలా పైకి అనండి. బిందె ముంచి, మీ పేరు పూర్తిగా చెప్పండి.